వట్టిపోయిన ఆవు, మోజు తీరిన కారు

దానంగా వచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని మనవాళ్ళొక సామెత చెప్పిపోయారు. ఆ సామెత పుట్టించినవాడు దానం ఇచ్చినవాడే అయివుంటాడు గాని, పుచ్చుకున్నవాడు మాత్రం అయివుండడని నా గట్టి నమ్మకం. పుచ్చుకున్నవాడికి పళ్ళు లెక్కపెట్టక తప్పదు. ఆ ఆవు మేసే గడ్డి అతనే కోసుకురావాలి మరి!

ఈ రోజుల్లో ఆవుల్ని దానమిచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కార్లనిస్తున్నారు. అవీ చిన్నాచితకా కార్లు కావు. గున్న ఏనుగంత ఎత్తుండి, ఎక్కడానికి మెట్టూ దిగడానికి ఎవరిదో చెయ్యీ కావలసిన కార్లు. ఎస్‌యూవీలంటారు వాటిని. కొన్నప్పుడు యాభై లక్షలో, కోటో. ఎనిమిదేళ్ళో పదేళ్ళో తిరిగాక యజమానికి మోజు తీరుతుంది. ఈలోగా పక్కింటాయన కొత్త మోడలు తెచ్చుకుని ఉంటాడు. పాతదాన్ని అమ్మబోతే బేరగాడు చెప్పే ధర వినడానికి గుండె దిటవు చాలదు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరి నోట ఒక మంచిమాట వస్తుంది: "ఇంత చవగ్గా అమ్ముకునే బదులు ఏ ఆశ్రమానికో ఇచ్చేద్దాం. పుణ్యమన్నా దక్కుతుంది!"

నా పేచీ ఆ మాటతోనే.

ఇచ్చే బుద్ధే లేనివాడి గురించి రాయడం కాగితం దండగ. పిల్లికి బిచ్చం పెట్టనివాడు ఈ వ్యాసం చదవనూ చదవడు, చదివినా మారడు. ఇవ్వాలని మనసు పుట్టినవాడితోనే నాకు మాట్లాడాలని ఉంది. ఎందుకంటే అతని పుణ్యం దారిలో ఎక్కడో ఒలికిపోతోంది, ఆ ఒలికిందాన్ని తుడవడం కూడా పేదవాడి పనే అవుతోంది.

మా నెల్లూరు కోస్తాలో ఈ కార్లకు కొదవలేదు. ఒకప్పుడు వరి తప్ప ఎరగని నేలమీద 1990ల మొదట్లో రొయ్యల చెరువులు లేచాయి. టైగరు రొయ్య బంగారం పండించింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ బంగారాన్ని కొట్టుకుపోయింది. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి మళ్ళీ చెరువులు నింపింది. 2025 ఆగస్టులో అమెరికావాడు సుంకాన్ని యాభై శాతానికి పెంచేసరికి మళ్ళీ గుండెల్లో రాయి పడింది. ఇదీ మా తీరం జాతకం. పంట చేతికొచ్చిన ఏడు పెద్దకారు ఇంటికొస్తుంది. పంట పోయిన ఏడు దాన్ని మేపలేక పుణ్యమార్గం వెతుకుతారు. కోటి రూపాయల పంట చూసినవాడే మేపలేని బండిని, కంది పప్పు కిలోల లెక్కన కొనుక్కునే ఆశ్రమం ఎట్లా మేపుతుందని మాత్రం ఎవరూ అడగరు.

ఈ పేచీ నేను కొత్తగా పెట్టుకున్నది కాదు సుమండీ. కఠోపనిషత్తు మొదలయ్యేదే దీనితో. వాజశ్రవసుడనే పెద్దమనిషి, ఉన్నదంతా ఇచ్చెయ్యవలసిన యాగం ఒకటి తలపెట్టాడు. దానమివ్వడానికి ఆవుల్ని తోలించాడు. వాటిని చూసి ఆయన కొడుకు నచికేతుడికి మనసు చివుక్కుమంది. ఆ ఆవులు తాగవలసిన నీళ్ళు తాగేశాయి, మేయవలసిన గడ్డి మేసేశాయి, ఇవ్వవలసిన పాలు ఇచ్చేశాయి. ఇంక ఈనవు. ఇలాంటివి ఇచ్చినవాడు ఆనందమన్నది లేని లోకాలకు పోతాడని పిల్లవాడికి భయం పట్టుకుంది. "నాన్నా, మరి నన్నెవరికిస్తావు?" అని మూడుసార్లు అడిగాడు. "యముడికిస్తాను, ఫో!" అన్నాడు తండ్రి. ఆ తర్వాత కథలోకి యమధర్మరాజూ ఆత్మజ్ఞానమూ వచ్చిపడేసరికి మనమందరం ఆ ఆవుల సంగతి మరిచిపోయాం. వాటిని తోలుకుపోయినవాళ్ళు ఏమయ్యారో, ఎండాకాలంలో వాటికి గడ్డి ఎక్కణ్ణించి తెచ్చారో ఎవరూ చెప్పలేదు. నేను మాట్లాడుతున్నది వాళ్ళ తరఫున.

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రపు గాలి తగిలే చోట ఒక వృద్ధాశ్రమాన్ని ఊహించుకోండి. ఊరి పేరు మీరే పెట్టుకోండి. ముప్ఫయి మంది ముసలివాళ్ళు, ఇద్దరు వంటమనుషులు, లెక్కలు చూసే ఒక పెద్దావిడ. ఒక ఆదివారంనాడు దాతగారు పదిమందితో దిగుతారు. గేటుకు ఫ్లెక్సీ కడతారు. బండికి బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, అట్టతో చేసిన మూరెడు తాళంచెవి పెద్దావిడ చేతికిచ్చి ఫోటో తీస్తారు. చప్పట్లు కొట్టి, టిఫిన్లు చేసి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు. బండి మిగులుతుంది.

సోమవారం నుంచి లెక్క మొదలవుతుంది. నెల్లూరు ఆసుపత్రికి పోనూ రానూ యాభై కిలోమీటర్లు. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లిచ్చే బండికి ఆరు లీటర్ల పైన డీజిలు. అంటే దాదాపు ఆరువందల రూపాయలు. అదే డబ్బుకు తొమ్మిది లీటర్ల పాలొస్తాయి. ఆ బండి నడపడానికి డ్రైవరు కావాలి, అతనికి జీతం కావాలి. బీమా వేలల్లో ఉంటుంది. టైరు అరిగితే ఒక్కోటి ఇరవై వేలూ, ముప్ఫయి వేలూ. అది చెడిపోతే మన ఊరి మెకానిక్కు బానెట్టు ఎత్తి చూసి, దేవుడికి దణ్ణం పెట్టినట్టు పెట్టి, మళ్ళీ దించేస్తాడు. దానికి కంప్యూటరు తగిలించి రోగం కనుక్కునేవాడు చెన్నైలో ఉంటాడు. లారీ ఎక్కించి పంపాలి. సముద్రపు ఉప్పుగాలి ఇంకోవైపు నుంచి తన పని తాను చేసుకుపోతుంటుంది.

ఆ పెద్దావిడను అడిగి చూడండి. "బండికి తాగను డీజిలు కావాల, ముసలోళ్ళకి తాగను పాలు కావాల. రెంటికీ డబ్బులు ఒకే డబ్బాలోంచి తియ్యాల గదయ్యా!" అంటుంది. ఇంతకన్న బాగా చెప్పే ఆర్థికశాస్త్రవేత్త నాకు తగల్లేదు.

"అయితే ఒద్దని చెప్పకపోయారా?" అంటారు మీరు. ఎట్లా చెబుతుంది? ఆయనే నెలకు రెండు బస్తాల బియ్యం పంపుతాడు. బండి ఒద్దంటే బియ్యం ఆగుతుందేమోనని భయం. ఈ భయం దాతకు కనపడదు. ఆయనకు కనపడేది అవతలివాళ్ళ ముఖాన ఉన్న నవ్వొక్కటే.

ఇంతకన్న పెద్ద నష్టం ఇంకోటుంది. దాన్ని ఏ చిట్టాలోనూ రాయలేరు. ఆశ్రమం ముందు అంత కారు కనపడగానే ఊళ్ళో చిన్న దాతలు వెనక్కు తగ్గుతారు. కొడుకు పుట్టినరోజుకు పాయసం పంపే టీచరమ్మ, వేట బాగా తగిలిననాడు ఒక బుట్ట చేపలు పక్కకు తీసిపెట్టే పాలెంవాడు, తద్దినంనాడు అరటి గెల తెచ్చే రిటైర్డు గుమాస్తా, వీళ్ళే ఆ వంటింటికి అసలు ఆధారం. "వాళ్ళకేం తక్కువబ్బా! కోటి రూపాయల కార్లో తిరగతుండారు" అనే ఒక్క మాట టీ కొట్టు దగ్గర పుడితే చాలు, ఆ బుట్ట చేపలు ఇంకో దారి పడతాయి. దాత ఇచ్చింది ఒక కారు. దానివల్ల పోయింది వందమంది చెయ్యి. కావాలంటే ఈ రెండూ త్రాసులో వేసి చూడండి.

ఇక కాగితాల సంగతి. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టని సామెత. కారు ఇచ్చినవాడు 29, 30 నంబరు ఫారాల మీద సంతకం పెట్టడానికి మాత్రం నెలలు తిప్పుతాడు. "సారు ఊళ్ళో లేరు" అంటాడు గుమాస్తా. బ్యాంకు అప్పు తీరిపోయిందన్న కాగితం దొరకదు. పాత జరిమానాల చలాన్లు మాత్రం ఎవరూ అడక్కుండానే ఫోనులో దిగుతుంటాయి. బండి ఆశ్రమం పేరుకు మారదు గనక వాళ్ళు అమ్మనూ లేరు. ఈలోగా దాతగారింట్లో పెళ్ళి వస్తుంది. "మన బండే గదమ్మా, రెండ్రోజులు పంపించండి" అని కబురొస్తుంది. దానమిచ్చాక 'మన' అన్న మాట ఎవరిదో ఎవరైనా పెద్దలు విడమరిచి చెప్పాలి.

ఈ బద్ధకం దాతకే చేటు. రవాణా కార్యాలయం రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత కూడా వారిదే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎవరో డ్రైవరు ఎక్కడో గుద్దితే నోటీసు ఈయనగారింటికే వస్తుంది. పోనీ పన్ను కలిసొస్తుందా అంటే అదీ లేదు. జనం 80జి అని పిలుచుకుంటూ వచ్చిన ఆదాయపు పన్ను రాయితీ డబ్బుగా ఇచ్చిన దానానికే. వస్తువుగా ఇస్తే వర్తించదు. డబ్బులో కూడా రెండువేలు దాటితే నోట్ల కట్ట పనికిరాదు, చెక్కో బ్యాంకు బదిలీయో ఉండాలి. అంటే మన చట్టం కూడా గొణుక్కుంటూ చెబుతున్నది ఒకటే: నాయనా, వస్తువొద్దు, డబ్బివ్వు.

అమెరికాలో మనవాళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు గనక అక్కడి ముచ్చట కూడా చెప్పాలి. మీ పాతకారు మాకు దానం చెయ్యండి, పన్ను తగ్గించుకోండి అని అక్కడ రేడియోలో ప్రకటనలే వస్తాయి. దాతలు పుస్తకంలో ఉన్న ధరంతా దానంగా రాసుకునేవారు. మధ్యలో వేలంవాడూ, బండి లాక్కుపోయేవాడూ, ప్రకటనలవాడూ తలా ఇంత తినగా ధర్మసంస్థకు చేరేది వేరు. 2003లో అక్కడి ప్రభుత్వపు లెక్కల తనిఖీ కార్యాలయం 54 కార్ల కథ ఆనవాలు పట్టి చూస్తే, మూడింట రెండువంతుల కార్లలో దాత చూపించిన విలువలో నూటికి అయిదు వంతులో, అంతకన్న తక్కువో సంస్థకు ముట్టింది. దాంతో చట్టం మార్చారు. 2005 నుంచి, సంస్థ ఆ కారును అమ్మితే ఎంతొచ్చిందో అంతే దాత రాసుకోవాలన్నారు. ఎంత మంచి మాటో చూడండి! నువ్వెంత ఇచ్చావన్నది నీ మనసులో ధర కాదు, అవతలివాడి చేతిలో పడ్డ డబ్బు.

"అయ్యా, మాది తుఫాను తీరం. అలాంటి గట్టి బండి ఒకటి ఆశ్రమంలో ఉంటే ఆపదకు ఆదుకుంటుంది గదా?" అని ఒక మిత్రుడు అడ్డం వచ్చాడు. ఆయన మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తుఫానులు తీరం దాటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ మా ఒడ్డు పట్టుకునే పైకి పోయింది. కాని గాలివాన నాడు ముప్ఫయి మంది ముసలివాళ్ళను ఒక్కసారిగా తరలించాలంటే కావలసింది బస్సు. లేకపోతే ట్రాక్టరు. ఏడుగురు పట్టే తోలుసీట్ల బండి అయిదు తిరుగుళ్ళు తిరగాలి. నీళ్ళు లోపలికెళ్ళి దాని కంప్యూటరు తడిస్తే మూడో తిరుగుడులో అదే ఇంకొకరు తొయ్యవలసిన బరువవుతుంది. పోనీ ఆంబులెన్సుగా వాడదామా అంటే, దానికి ఏఐఎస్-125 అని వేరే ప్రమాణాలున్నాయి. స్ట్రెచరు పట్టాలి, ఆక్సిజను సిలిండరు నిలబడాలి. సన్‌రూఫులోంచి ఆకాశం చూస్తే రోగం కుదరదు.

అసలు ఆపదకూ, అక్కర్లేని వస్తువుకూ ఉన్న చుట్టరికం మన తూర్పు తీరం ఒకసారి కళ్ళారా చూసింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచీ పాతబట్టలు లారీలకెత్తి పంపారు. నాగపట్నం వైపు అవి రోడ్ల పక్కన గుట్టలుగా పడివున్నాయి. ఇల్లూ వలా పోగొట్టుకున్నా, ఎవరో విడిచిన బట్ట కట్టుకోవడానికి బెస్తవాళ్ళ మనసొప్పలేదు. పంపినవాళ్ళు చెడ్డవాళ్ళా? కాదు. బీరువా ఖాళీ చేసుకోవడాన్నీ, పెట్టడాన్నీ ఒకటే అనుకున్నారు, అంతే. ఆ బట్టల మూటకు ఇంజనూ నాలుగు చక్రాలూ తగిలిస్తే మన కారు దానం.

మరి కారు దానం సార్థకమైన సందర్భమే లేదా అంటే, ఉంది. దాన్ని చూస్తే కిటుకు తెలుస్తుంది. 1964 డిసెంబరులో ఆరవ పాల్ పోపుగారు బొంబాయి వచ్చారు. అమెరికా భక్తులు ఆయన తిరగడానికి తెల్లని లింకన్ కారు ఇచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన దాన్ని మదర్ థెరిసాకు ఇచ్చి వెళ్ళారు. ఆవిడ దాన్లో ఎక్కి ఊరేగలేదు. లాటరీ పెట్టింది. వచ్చిన డబ్బు కుష్ఠురోగుల కోసం కట్టిన శాంతినగరానికి వెళ్ళింది. కారును కారుగా ఉంచుకుని ఉంటే కలకత్తా సందుల్లో డీజిలో పెట్రోలో తాగుతూ ఉండేది. డబ్బుగా మారాకనే దానికి ప్రాణమొచ్చింది.

ఇంకోటి మొన్నమొన్నటిది. 2021 డిసెంబరులో మహీంద్రావారు గురువాయూరు గుడికి కొత్త థార్ జీపు సమర్పించారు. దేవస్వం వారు దాన్ని వేలం వేశారు. పాడడానికి వచ్చినవాడు ఒక్కడే. 15 లక్షల 10 వేలకు పోయింది. ఇదేం పద్ధతని గొడవ అయింది. 2022 జూన్‌లో మళ్ళీ వేలం వేస్తే అదే బండి 43 లక్షలు పలికింది! ఇక్కడ రెండు పాఠాలున్నాయి. దేవుడే బండిని ఉంచుకోకుండా అమ్ముకున్నాడు గదా అన్నది మొదటిది. సరిగ్గా అమ్మడం కూడా ఒక విద్య, అది చేతగాకపోతే మూడింట రెండువంతులు గాలికి పోతుందన్నది రెండోది. అంత పెద్ద దేవస్థానానికే మొదటిసారి కుదరలేదు. కట్టెలు కొని వంట చేసే ఆశ్రమం ఆ బేరం ఎవరితో ఆడుతుంది? నోరున్నవాడూ, కాగితాలున్నవాడూ, బజారు తెలిసినవాడూ మీరేనయ్యా. ఆ అమ్మేదేదో మీరే అమ్మండి.

మన పెద్దలకు ఈ సంగతులు తెలియక కాదు. గోదానం ఇస్తే పాలిచ్చే ఆవును, దూడతో సహా, పాలు పితికే కంచు చెంబుతో సహా ఇవ్వమన్నారు. పైన దక్షిణ పెట్టమన్నారు. దక్షిణ లేని దానం నిష్ఫలమన్నారు. దక్షిణంటే బ్రాహ్మడి ఆశ అని మనం వేళాకోళం చేశాం గాని, అందులో ఉన్న లౌక్యం చూడలేదు. ఇచ్చిన వస్తువు పుచ్చుకున్నవాడికి బరువు కాకూడదు, దాని పోషణకు కావలసిందీ నువ్వే ఇవ్వాలి అన్నది దాని అర్థం. ఆ లెక్కన కారు ఇచ్చేవాడు అయిదేళ్ళ డీజిలూ, బీమా, టైర్లూ, డ్రైవరు జీతమూ బ్యాంకులో వేసి, ఆ కాగితం తాళంచెవితో కలిపి ఇవ్వాలి. అట్లా ఇవ్వగలిగితే ఇవ్వండి, నేనే వచ్చి గుమ్మడికాయ కొడతాను.

గాంధీగారు ఏం చేసేవారు? సన్మానపత్రం పెట్టి వెండిపెట్టె చేతికిస్తే, దాన్ని అక్కడికక్కడే సభలో వేలం వేసేవారు. వెండిపెట్టెతో ఆయనకేం పని? 1921లో ఆయన మా పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. ఆ ఆశ్రమానికి పొణకా కనకమ్మగారు భూమి ఇచ్చింది. కట్టడానికి దక్షిణాఫ్రికా నుంచి రుస్తుంజీ డబ్బు పంపాడు. అవతలివాళ్ళకు నేల కావాలంటే నేల, డబ్బు కావాలంటే డబ్బు. కనకమ్మగారు తన ఇంట్లో మూలపడ్డ జట్కాబండి తోలించి చేతులు దులుపుకుని ఉంటే, ఇవాళ ఆవిడ పేరు మనం తలుచుకుంటామా?

గట్టి మాట ఒకటి మిగిలింది. కొందరంటారు: "అది మాకు కలిసొచ్చిన బండండీ. పరాయివాడికి అమ్మాలంటే మనసొప్పదు. మంచిపనిలో తిరుగుతుంటే చూసి సంతోషిస్తాం." ఇందులో ఉన్న తడి నాకు అర్థమవుతుంది. కాని ఆ సంతోషం ఎవరి ఖర్చుతో? మీ బండి మీద మీ మమకారాన్ని ముసలివాళ్ళ పాలడబ్బాలోంచి పోషించడం న్యాయమా? అమ్ముడుపోయిన బండి కళ్ళకు కనపడదు, నిజమే. దాని డబ్బుతో నెలనెలా వచ్చే బీపీ మాత్రలు కూడా కనపడవు. వాటిని మింగేవాళ్ళకు మాత్రం తెలుస్తుంది.

కాబట్టి మోజు తీరిన కారున్న మహాశయులకు నా విన్నపం. ముందుగా ఆశ్రమానికి ఉత్తచేతుల్తోనే వెళ్ళండి. ఫోటోగ్రాఫరును తీసుకెళ్ళకండి. ఆ పెద్దావిడ పక్కన బల్లమీద కూచుని, "అమ్మా, నీకు దేనికి ఇబ్బందిగా ఉంది?" అని అడగండి. బోరు మోటారు కాలిపోయిందంటుంది. వానాకాలం వంటింటి రేకు కారుతోందంటుంది. ఒకవేళ బండే కావాలన్నా, సామాన్లు తెచ్చుకోను ఒక చిన్న ట్రాలీ ఆటో చాలంటుంది. ఇంటికొచ్చి, మీ కారు మీరే, మీ పేరుమీదే అమ్మండి. బేరగాడు చెప్పిన ధరకు వచ్చే ఆ గుండెపోటేదో మీరే పడండి. అది కూడా దానంలో భాగమే. వచ్చిన డబ్బుకు చెక్కు రాసి, రసీదు తీసుకోండి.

ఆశ్రమాలు నడిపేవాళ్ళకు కూడా ఒక మాట. అమ్మా, పళ్ళు లెక్కపెట్టండి. సిగ్గుపడకండి. "అయ్యా, ఈ బండి మేము మెయ్యలేం, అమ్మి డబ్బిస్తే చల్లగా ఉంటారు" అని చేతులు జోడించి చెప్పండి. నిజంగా మీ మేలు కోరినవాడైతే ఆ మాటకు నొచ్చుకోడు. నొచ్చుకుని బియ్యం ఆపేశాడా, ఆ సంగతి ఊళ్ళో నలుగురికీ తెలియనివ్వండి. పాయసం పంపే టీచరమ్మా, చేపలబుట్ట పాలెంవాడూ ఇంకా అక్కడే ఉన్నారు. గేటు ముందు ఆ కారు లేకపోతే వాళ్ళు మళ్ళీ వస్తారు.